ట్రేన పెట్టుము: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

ఆ.వె.
బెల్టు విప్పి ట్రేన పెట్టుము ముందుగ
ల్యాపుటాపు తీసి లజ్జ విడిచి
చేతులెత్తి నిలువ సేదదీరు మనసు
బీపు మ్రోగ నేల భీతి నీకు

అవతారిక

ఈ పద్యం తాళపత్రాల్లో దొరికింది కాదు. ఏ చాటువుల సంకలనంలోనూ లేదు. కట్టినవాడూ, టీక రాస్తున్నవాడూ ఒక్కడే కాబట్టి కవి కాలాదుల గురించి పండితులు జుట్లు పట్టుకోవలసిన పని లేదు. అలాగని ఇద్దరికీ అన్నిచోట్లా ఏకాభిప్రాయం ఉందనుకోవద్దు. మూడో పాదం దగ్గర కవికీ వ్యాఖ్యాతకీ పేచీ వచ్చింది. దాని సంగతి ఆ పాదం దగ్గరే చెబుతాను.

తెనాలిలో ఉండే మా పెద్దమ్మా పెదనాన్నా డల్లాసులో ఉన్న కూతురి దగ్గరికి బయల్దేరుతున్నారు. శంషాబాదులో ఎక్కి, దుబాయిలో మారాలి. ఇద్దరికీ ఇదే మొదటి విమానం. విమానం పడిపోతుందేమోనన్న దిగులు పెద్దమ్మకు లేదు. అది భగవంతుడి శాఖ, ఆయనే చూసుకుంటాడు. ఆవిడ దిగులంతా అంతకు ముందు జరిగే చెకింగు గురించి. పదిమందిలో నిలబెట్టి సంచి విప్పిస్తారట, మెడలోవి తీయమంటారట, ఏదో కూస్తుందట, కూస్తే పక్కకు తీసుకెళతారట. ఇన్ని 'అట'లు ఆవిడకు చెప్పినవాళ్ళలో సగంమంది కూడా విమానం ఎక్కినవాళ్ళు కారు. అయినా నిద్ర చెడిపోయింది. ఆ నిద్ర కోసమే ఈ పద్యం, ఈ టీక.

శాస్త్రం మొదలుపెట్టేముందు అనుబంధ చతుష్టయం చెప్పాలి కదా. విషయం: విమానాశ్రయంలో భద్రతా తనిఖీ. ప్రయోజనం: పెద్దమ్మకు నిద్ర పట్టడం. సంబంధం: ఈ రెంటికీ మధ్య నేను. ఇక అధికారి: ఖాకీ బట్టల్లో నిలబడ్డ ఆయన కాదు, ఈ గ్రంథం వినడానికి అర్హత ఉన్న పెద్దమ్మే.

ప్రతిపదార్థం

బెల్టు = నడుముకు కట్టు పట్టీని; విప్పి = సడలించుట కాదు, మొత్తముగా తీసి; ముందుగ = ద్వారము దగ్గరకు పోకమునుపే, వెనకాల నిలబడినవాడు గొణగకమునుపే; ట్రేన = ఆ ప్లాస్టిక్ తొట్టియందు; పెట్టుము = ఉంచుము; ల్యాపుటాపు = ఒడి కంప్యూటరును; తీసి = సంచిలోనుండి వెలికి తీసి; లజ్జ = సిగ్గును; విడిచి = వదలి; చేతులు ఎత్తి = రెండు చేతులను పైకెత్తి; నిలువ = నిలుచుండగా; మనసు = చిత్తము; సేదదీరు = ఊరట చెందును; బీపు = లోహమును పసిగట్టు ద్వారము చేయు కూత; మ్రోగన్ = మ్రోగినంతనే; నీకు = పెద్దమ్మకు; భీతి = భయము; ఏల = ఎందుకు?

'ట్రేన' అన్న చోట రైలు అని భ్రమపడేవారు ఉండవచ్చు. రైల్లో బెల్టు విప్పవలసిన కారణం ఏదీ కనబడదు కనుక ఆ అర్థం త్యాజ్యం.

మొదటి పాదం

బెల్టు పెదనాన్నది. ఆ బక్కిల్ లోహం కాబట్టి అది ఒంటిమీద ఉంటే ద్వారం కూస్తుంది, ట్రేలో ఉంటే కూయదు. ఇందులో అంతకు మించిన రహస్యం లేదు. చిల్లర, తాళంచెవులు, గడియారం, పర్సు, సెల్‌ఫోను కూడా ట్రేలోకే. ఇక్కడ కవి ప్రాణం పెట్టిన మాట 'ముందుగ'. వరుసలో నిలబడ్డప్పుడే జేబులు ఖాళీ చేసి అన్నీ హ్యాండ్‌బ్యాగు జిప్పులో వేసేసుకుంటే, ట్రే ముందుకు వచ్చేసరికి చేతులు ఖాళీగా ఉంటాయి. భయంలో సగం నిజానికి భయం కాదు, తొందర. వెనక మనిషి చూస్తున్నాడన్న తొందరలో చెయ్యి వణుకుతుంది, వణికితే నాణేలు పడతాయి, నాణేలు పడితే పదిమందీ చూస్తారు. ఆ పదిమందినీ పిలిచింది నాణేలే, సిబ్బంది కాదు.

ట్రే లోపలికి వెళ్ళాక ఏం జరుగుతుంది? ఎక్స్-రే. తెర ముందు కూర్చున్నవారికి మన సంచి రంగుల్లో కనబడుతుంది. తిండి, బట్టలు, కాగితం, సబ్బు, ప్లాస్టిక్, వీటిలో ఉండేవి తేలిక మూలకాలు కాబట్టి నారింజ రంగు. ఇనుము, రాగి వంటి లోహాలు నీలం. రెండూ కలిసినవీ, అల్యూమినియం లాంటివీ ఆకుపచ్చ. కిరణాలు దూరలేనంత మందంగా ఉన్నది నలుపు. అంటే మా పెద్దమ్మ సున్నుండలూ, వెంకటగిరి చీరా, విష్ణు సహస్రనామం పుస్తకమూ అన్నీ ఒకే నారింజ. ఆవిడ వాటి మధ్య పాటించే తేడాలేవీ ఆ యంత్రం పాటించదు.

శంక: ఏరా, ఎక్స్-రే తగిలిన సున్నుండలు పిల్లలకు పెట్టొచ్చా?

సమాధానం: నిక్షేపంగా పెట్టొచ్చు పెద్దమ్మా. ఎక్స్-రే వస్తువులోంచి వెళ్ళిపోతుంది, అందులో కాపురం పెట్టదు. యంత్రంలోంచి బయటికొచ్చిన సున్నుండ లోపలికెళ్ళిన సున్నుండే. చెడేది ఏదైనా ఉంటే పాతకాలపు కెమెరా ఫిల్ము, అదీ చురుకు ఎక్కువున్న రకం. అది నీ సంచిలో లేదు. ఉన్న ఇబ్బందల్లా స్టీలు డబ్బాతోటి. డబ్బాలో డబ్బా పెట్టి, దాని కింద చార్జర్ల తీగలు చుట్టి, మీద వెండి కుంకుమ భరిణె పెడితే తెరమీద అదంతా ఒక్క నల్లముద్ద. ముద్ద విడదీసి చూడాలి కాబట్టి సంచి పక్కకు తీస్తారు. సున్నుండలు ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చు, భరిణె విడిగా పెట్టు.

ఇంకొక విశేషం. ట్రేలను మోసుకెళ్ళే బెల్టు ఉన్నట్టుండి ఆగిపోతే అందరూ ఎవరి సంచి వంక వారు చూసుకుంటారు. ఆ యంత్రంలో ఒక ఏర్పాటు ఉంది. తెర చూసేవారి దృష్టి మందగించకుండా, లేని కత్తినీ లేని తుపాకీనీ అదే అప్పుడప్పుడు మన సంచి బొమ్మలో అతికించి చూపిస్తుంది. గుర్తుపట్టారా లేదా అని పరీక్ష. గుర్తుపట్టి మీట నొక్కితే, అది ఉత్తుత్తిదేనని యంత్రమే చెబుతుంది. కనుక బెల్టు ఆగినప్పుడు అక్కడ పరీక్ష రాస్తున్నది తెర ముందు కూర్చున్నవారే అయి ఉండొచ్చు, మనం కాకపోవచ్చు.

రెండో పాదం

పెద్దమ్మకు ల్యాప్‌టాప్ లేదు. మరి పద్యంలో ఎందుకు? ఉపలక్షణం. 'కాకులు పెరుగు తినకుండా చూడు' అంటే కుక్కలు తిన్నా ఫరవాలేదని అర్థం కాదు గదా అని మన శాస్త్రాల్లో వాదం ఉంది. ఇదీ అంతే. ల్యాప్‌టాప్ అంటే ట్యాబు, కెమెరా, పవర్ బ్యాంకు వంటివన్నీ గ్రహించాలి. విడిగా ఎందుకు పెట్టమంటారంటే, వాటి బ్యాటరీ, లోపలి పలకలు మందంగా ఉండి కింద ఉన్నదాన్ని కప్పేస్తాయి. ఆసుపత్రి సీటీ స్కాను పద్ధతిలో సంచిని అన్నివైపులనుంచీ చూసే కొత్త యంత్రాలు ఉన్నచోట తీయక్కర్లేదు. తీయాలో వద్దో ఆ వరుసలో నిలబడ్డవారు చెబుతారు. వాళ్ళు చెప్పిందే పాఠం.

పవర్ బ్యాంకు గురించి పెదనాన్న వినాలి. అది చెక్-ఇన్ లగేజీలో వేయకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. లిథియం బ్యాటరీకి నిప్పంటుకుంటే మనుషుల మధ్య ఆర్పగలరు, సరుకుల అరలో ఆర్పడం కష్టం. 100 వాట్-అవర్ల లోపువి అడగకుండా తీసుకెళ్ళవచ్చు. బజార్లో దొరికే 20,000 ఎంఏహెచ్ బ్యాంకు సుమారు 74 వాట్-అవర్లు, కాబట్టి చింత లేదు. లైటరు, అగ్గిపెట్టె మాత్రం ఇంట్లోనే వదిలెయ్యాలి. మనవడికి దీపావళి సామాను అసలే వద్దు, ఏ సంచిలోనూ.

ఇక 'లజ్జ విడిచి'. పద్యానికి ప్రాణం ఇక్కడుంది.

శంక: ఒంటిమీద చెయ్యి వేస్తారటగా. నా వయసుకు ఇదేం ఖర్మరా?

సమాధానం: నిన్ను చూసేది ఆడమనిషే. మన దేశంలో ఆడవాళ్ళకు వరుస వేరు, తెర కట్టిన చిన్న గది వేరు. లోపల ఉండేది మహిళా జవాను ఒక్కతే. చేతిలో బ్యాటులాంటి చిన్న యంత్రంతో పైనుంచి కిందికి ఒకసారి, వెనక ఒకసారి తిప్పుతుంది. నువ్వు పూజ గదిలో దీపం వెలిగించే లోపల అయిపోతుంది. మెడలో పుస్తెలు తీయమని మామూలుగా అడగరు. యంత్రం కూస్తే అక్కడ ఏముందో చూసి 'ఓహో' అనుకుంటారు. గాజులూ అంతే. రోజూ వేల మంగళసూత్రాలను చూసే అమ్మాయి ఆవిడ, నీ మంగళసూత్రం ఆవిడకు వార్త కాదు.

పెద్దమ్మ బాధ నిజానికి చెయ్యి గురించి కాదని నా అనుమానం. 'నన్ను అనుమానిస్తారా?' అన్నది ఆవిడ బాధ. ఊళ్ళో అందరూ నమ్మకంగా తన దగ్గర నగలు దాచిపెట్టుకునే మనిషి. ఇది అనుమానం కాదనడానికి ప్రమాణం ఆవిడ అనుభవంలోనే ఉంది. తిరుమల వెళ్ళినప్పుడల్లా అలిపిరి దగ్గర బస్సు దిగి, సంచి స్కానింగులో వేసి, లోహద్వారంలోంచి నడిచి, మళ్ళీ బస్సెక్కుతుంది. ఎన్నడూ చిన్నబుచ్చుకోలేదు. పూజారి గోత్రం అడిగినట్టే ఇదీనూ: అందరినీ అడుగుతారు, నిన్నొక్కదాన్నే అడగలేదు. అందరినీ ఒకేలా అనుమానించే చోట ఎవరినీ ప్రత్యేకంగా అనుమానించినట్టు కాదు. ముఖం చూసి కొందరిని వదిలేసే తనిఖీ ఉంటే, మిగిలినవాళ్ళు అప్పుడు సిగ్గుపడాలి, కోపం కూడా తెచ్చుకోవాలి.

ఇది ఎవరో కూర్చుని కల్పించిన తతంగమూ కాదు. ఒక్కో నియమం వెనక ఒక్కో తేదీ ఉంది. విమానాల్లోకి జనం బస్సెక్కినట్టు ఎక్కిన కాలం ఒకటుండేది. వరుస హైజాకింగుల తర్వాత అమెరికాలో 1973 జనవరి నుంచి ప్రయాణికులందరినీ తనిఖీ చేయడం మొదలైంది. మన దగ్గర 1971 జనవరిలో 'గంగ' అనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని లాహోరుకు ఎత్తుకుపోయారు. 1976 సెప్టెంబరులో ఢిల్లీనుంచి బొంబాయి వెళ్తున్న బోయింగు కూడా లాహోరుకే పోయింది. ఆ రెండోదాని తర్వాత వేసిన కమిటీ సలహామీద 1978లో పౌర విమానయాన భద్రతా విభాగం ఏర్పడింది. 1985 జూన్ 23న 'కనిష్క' అనే విమానం సముద్రంమీద పేలి 329 మంది పోయారు. బాంబు ఉన్నది సరుకుల అరలో, ఆ పెట్టె ఇచ్చినవాడు అసలు ఏ విమానమూ ఎక్కలేదు. ఆ తర్వాత భద్రతా విభాగం 1987లో స్వతంత్ర శాఖ అయింది. ఎక్కని మనిషి పెట్టెను దించేశాకే విమానం కదలడం ఈనాటి రివాజు. 'ఎవరో రాలేదట, సామాను దించుతున్నారట' అని విమానంలో కూర్చుని విసుక్కుంటాం చూడండి, అది ఆ 329 మంది బాకీ. 1999 డిసెంబరులో ఖాట్మండు నుంచి వస్తున్న విమానాన్ని కాందహారుకు ఎత్తుకుపోయిన తర్వాత, 2000లో జైపూరుతో మొదలుపెట్టి విమానాశ్రయాల కాపలా కేంద్ర భద్రతా దళమైన సీఐఎస్‌ఎఫ్‌కు అప్పగించారు. 2008లో శంషాబాదు తెరిచేనాటికి ఈ ఏర్పాటు స్థిరపడిపోయింది.

కొన్ని నియమాలు పుట్టినట్టే పోతాయి కూడా. 2001 డిసెంబరులో ఒకడు బూటులో పేలుడు పదార్థం పెట్టుకుని విమానమెక్కి, అంటించబోతూ తోటి ప్రయాణికులకు దొరికిపోయాడు. ఆ దెబ్బకు అమెరికాలో ఏళ్ళ తరబడి కోట్లమంది చెప్పులు విడిచి నడిచారు. 2025 జులైలో అక్కడ ఆ నియమం ఎత్తేశారు. పెద్దమ్మకు ఇది కొంచెం నిరాశే. చెప్పులు విడవడం ఒక్కటే ఆ తతంగంలో ఆవిడకు అలవాటైన అంశం.

మూడో పాదం

పేచీ ఇక్కడే. శంషాబాదులో చేతులు పైకెత్తమనరు. ఎత్తుగా ఉన్న చిన్న పీటమీద నిలబెట్టి, పక్కలకు చాచమంటారు. కవి 'చేతులెత్తి' అన్నాడు. ఛందస్సు కోసం అన్నాడని సమర్థించడానికి వీల్లేదు, ఎందుకంటే 'చేతులార చాచి' అన్నా గణాలు చక్కగా కుదురుతాయి, యతీ చెడదు. అడిగితే కవి దబాయించాడు: 'నా దృష్టి తిరుగు ప్రయాణంమీద ఉంది' అని. ఆలోచిస్తే అదీ నిజమే. డల్లాసులో తిరిగి విమానమెక్కేటప్పుడు గాజు గదిలాంటి దాంట్లో నిలబెట్టి, రెండు చేతులూ తలపైకి ఎత్తమంటారు. కాబట్టి తీర్పు: శంషాబాదులో 'చేతులార చాచి' అనే పాఠాంతరం, డల్లాసులో మూలపాఠం గ్రాహ్యం.

శంక: ఆ గాజు గదిలో బట్టల్లోంచి ఒళ్ళంతా కనబడుతుందని మీ అక్క స్నేహితురాలు చెప్పింది.

సమాధానం: ఒకప్పుడు అలాంటి గొడవ జరిగిన మాట నిజం. అప్పట్లో ఎక్స్-రేతో పనిచేసే రకం ఒకటుండేది, జనం గోలపెట్టడంతో 2013కల్లా అమెరికా విమానాశ్రయాల్లోంచి తీసేశారు. ఇప్పుడున్నది రేడియో తరంగాల జాతిది, ఎక్స్-రే కాదు. తెరమీద కనబడేది నీ బొమ్మ కాదు. ఆడా మగా అందరికీ ఒకే గీతల బొమ్మ, చిన్నపిల్లలు గీసే మనిషిలాంటిది. ఏదైనా తేడా ఉంటే ఆ బొమ్మమీద అక్కడ ఒక పసుపు గడి పడుతుంది. ఆ తెర నువ్వూ చూడొచ్చు, నీ ఎదురుగానే ఉంటుంది. కుచ్చిళ్ళ మడతల దగ్గరో, పిన్నులు గుచ్చిన కొప్పు దగ్గరో గడి పడిందనుకో, ఆడమనిషి వచ్చి ఆ ఒక్కచోటే తడిమి పంపిస్తుంది. పదిమందిలో వద్దు, విడిగా గదిలో చూడండి అని అడిగే హక్కు నీకుంది. 'ప్రైవేట్ రూమ్' అను చాలు, అర్థమవుతుంది.

'సేదదీరు మనసు' అన్నది అతిశయోక్తి. కవులు అంటూనే ఉంటారు.

నాలుగో పాదం

బీపు. ఈ రెండక్షరాల కోసం ఇంతదూరం వచ్చాం.

ఆ ద్వారబంధంలో తీగచుట్టలుంటాయి. అవి అయస్కాంత క్షేత్రాన్ని క్షణంలో ఎన్నోమార్లు పుట్టించి ఆపుతుంటాయి. అందులోకి లోహం వస్తే దానిలో సన్నని విద్యుత్తు సుడి తిరిగి, తనవంతు క్షేత్రం తాను పుట్టిస్తుంది. ద్వారం ఆ తేడాను పసిగట్టి కూస్తుంది. అంతే. దానికి తెలిసింది లోహం అన్న ఒక్కటే. కాసులపేరుకూ కత్తికీ తేడా తెలియదు, దొంగకూ దొరకూ అసలే తెలియదు. ఏ ఎత్తులో ఉందో మాత్రం పక్కనున్న దీపాలు చూపిస్తాయి. ఏ లోహమూ లేకపోయినా, కొందరిని ఎంచుకుని కూసేలా కూడా దాన్ని అమర్చవచ్చు. కాబట్టి బీపు ఒక ప్రశ్న: 'ఏముంది?' అని. జవాబు చెప్తే అయిపోతుంది.

మన దేశంలో అయితే ఆ ప్రశ్నకు కూడా పెద్ద విలువ లేదు. ద్వారం కూసినా కూయకపోయినా ఆ తర్వాత చేతి యంత్రంతో అందరినీ చూస్తారు. కూస్తే పక్కకు తీసుకెళతారన్న భయం ఇక్కడ నిలవదు, ఎందుకంటే కూయనివాళ్ళు కూడా ఆ పక్కకే వెళతారు. ఈ ఒక్క ముక్క ముందే తెలిస్తే పెద్దమ్మ నాలుగు రాత్రులు నిద్రపోయేది.

పెదనాన్న మోకాలు వేరే ప్రకరణం. ఆయనకు మోకాలి కీలు మార్చారు, లోపల లోహం ఉంది, కూస్తుంది. కూయకముందే 'నీ రీప్లేస్‌మెంట్' అని చెప్పి, మోకాలు చూపిస్తే చాలు. ఆసుపత్రి కాగితం జేబులో ఉంటే మంచిదే, కానీ కాగితం ఉందని తనిఖీ మానరు, చేత్తో చూస్తారు. డల్లాసులో గాజు గది ఆయనకు సుఖం: ఆ తరంగాలు చర్మం దాటి లోపలికి పోవు, మోకాలి సంగతి వాటికి పట్టదు. గుండెకు పేస్‌మేకరు ఉన్నవాళ్ళు మాత్రం ముందే చెప్పి, చేతి యంత్రాన్ని దానిమీద ఆపి ఉంచకుండా చూసుకోవాలి. చేత్తో తనిఖీ చేయమని అడగవచ్చు. చక్రాల కుర్చీ అడిగినవారిని కుర్చీలోనే కూర్చోబెట్టి చూస్తారు.

ఒక్కోసారి చిన్న గుడ్డముక్కతో అరచేతులూ సంచీ తుడుస్తారు. ఇది చూసి కొందరు చేతులు మురికిగా ఉన్నాయనుకుని నొచ్చుకుంటారు. ఆ గుడ్డకంటిన రేణువులను యంత్రం ఆవిరి చేసి, విద్యుదావేశం ఎక్కించి, ఏది ఎంత వేగంగా పరుగెడుతుందో కొలిచి, పేలుడు పదార్థపు జాడ ఉందా అని చూస్తుంది. గ్లిజరిన్ కలిసిన చేతిలేపనం, పొలంలో ఎరువు, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే బిళ్ళ, ఇవి కూడా ఆ యంత్రాన్ని తికమకపెట్టగలవు. అలా జరిగితే రెండోసారి చూస్తారు, రెండు ప్రశ్నలడుగుతారు. పెదనాన్న బయల్దేరే రోజు పొద్దున పొలం వెళ్ళకుండా ఉంటే ఆ రెండు ప్రశ్నలూ తప్పుతాయి. ఆయన ఆగడు, అది నాకు తెలుసు. చేతులు బాగా కడుక్కోమని ఇందుమూలంగా మనవి.

దోషాలు

ఈ పద్యంలో పెద్ద లోపం, ద్రవపదార్థాల ఊసే లేకపోవడం. తెలుగు కుటుంబానికి రాసిన పద్యంలో ఆవకాయ లేకపోవడం న్యూనపదత్వమే కాదు, అపచారం.

2006 ఆగస్టులో లండన్‌లో ఒక కుట్ర బయటపడింది, కూల్‌డ్రింకు సీసాల్లో ద్రవరూప పేలుడు పదార్థాలు తీసుకెళ్ళి విమానాలు పేల్చాలని. అప్పటినుంచి అంతర్జాతీయ ప్రయాణాల్లో చేతి సంచిలో ద్రవం 100 మిల్లీలీటర్లు దాటకూడదన్న నియమం. కొలిచేది సీసాను, లోపలి సరుకును కాదు: 200 మిల్లీలీటర్ల సీసా అడుగున రెండు చెంచాల నూనె ఉన్నా ఒప్పుకోరు. ద్రవమంటే కారేదనే కాదు, జారేదీ ద్రవమే. నెయ్యి, పెరుగు, తేనె, గోంగూర పచ్చడి, ఆవకాయ అన్నీ దీనికిందికే వస్తాయి. కనుక అవన్నీ చెక్-ఇన్ పెట్టెలో, రెండు కవర్లలో బిగించి. మందులకూ పసిపిల్లల పాలకూ మినహాయింపు ఉంది, డాక్టరు చీటీ దగ్గరుంచుకోవాలి. ఖాళీ నీళ్ళసీసా తీసుకెళ్ళి తనిఖీ అయ్యాక లోపల నింపుకోవచ్చు. దుబాయిలో మళ్ళీ తనిఖీ ఉంటుంది, అక్కడికి చేరేసరికి మళ్ళీ ఖాళీ చేసుకోవాలి.

పొడుల సంగతి చాలామందికి తెలియదు. అమెరికా వెళ్ళే విమానాల్లో 2018 జూన్ చివరినుంచి, 350 మిల్లీలీటర్లకు మించిన పొడి చేతి సంచిలో ఉంటే విప్పి చూస్తారు, తేలకపోతే ఉంచేసుకుంటారు. కందిపొడి, కరివేపాకు కారం, సాంబారు పొడి ఏవైనా సరే. ఆ నియమం రాసినవారి మనసులో మన కందిపొడి లేకపోవచ్చు, కానీ కొలతలో పడింది. పొడులన్నీ పెద్దపెట్టెలోకి. ఎండుకొబ్బరి మాత్రం పెద్దపెట్టెలోనూ వద్దు. దానిలో నూనె ఎక్కువ, తనంతట తాను వేడెక్కి అంటుకునే గుణముందని చెక్-ఇన్‌లో నిషేధించారు. మామూలు కొబ్బరికాయకూ చేతి సంచిలో చోటు లేదు, అయ్యప్ప స్వాములకు కొంతకాలం ఇచ్చినది తప్ప. 2024 అక్టోబరులో, 2025 జనవరి 20 వరకు ఇరుముడిలో కొబ్బరికాయను విమానంలో వెంట తీసుకెళ్ళడానికి వారికి అనుమతిచ్చారు, స్కానింగు చేసి, గుడ్డతో తుడిచి, చేత్తో చూసిన మీదటే. ఇరుముడినే తుడిచి చూసినవాళ్ళు మన సంచిని తుడిస్తే నొచ్చుకోవడానికేముంది?

ఇక శబ్దదోషం ఒక్కటుంది, ఘోరమైనది. 'బాంబు' అనే మాట ఆ ప్రాంగణంలో వాడకూడదు. హాస్యానికి కూడా. 'ఏముందయ్యా అందులో, బాంబా?' అని పెదనాన్న జిల్లా యాసలో చమత్కరిస్తే, ఆ చమత్కారాన్ని ఆస్వాదించే రసజ్ఞులు అక్కడ ఉండరు. అలా అన్నవాళ్ళను విమానం ఎక్కనివ్వకుండా పోలీసులకు అప్పగించిన ఉదంతాలు మన దేశంలోనే ఉన్నాయి. మౌనం అక్కడ ఉత్తమ శైలి.

అలంకారం: లేదు. నగలు కొన్ని ఉన్నాయి, వాటి సంగతి పైన చెప్పాను.

పాఠాంతరం

ఇదంతా రాసి, పద్యం పెద్ద అక్షరాల్లో కాగితంమీద దించి, పెద్దమ్మకు చదివి వినిపించాను. ఆవిడ శ్రద్ధగా విని, 'లేని ల్యాప్‌టాపు నాకెందుకురా? నా మెడలోది సంగతి పెట్టు' అంది. కవి గింజుకున్నాడు కానీ వ్యాఖ్యాత ఒప్పించాడు. అందువల్ల తెనాలి ప్రతిలో రెండో పాదం ఇలా ఉంటుంది:

తాళి మెడనె యుంచి తరలుమమ్మ

'గణాలు సరిపోయాయా?' అంది.

'ఐదూ సూర్యగణాలే, యతీ కుదిరింది' అన్నాను.

'అయితే బాగానే ఉంది. మరి అటువైపు ట్రే బయటికొచ్చాక అన్నీ తీసుకోమని ఏ పాదంలోనూ లేదేం? మీ పెదనాన్న కళ్ళజోడు అక్కడే మర్చిపోతారు.'

ఆటవెలదికి నాలుగే పాదాలని చెప్పాను. ఆవిడ కలం తీసుకుని, కాగితం అడుగున, ఛందస్సుతో పని లేకుండా రాసుకుంది: కళ్ళజోడు, గడియారం, బెల్టు, రెండు పాస్‌పోర్టులు, పళ్ళసెట్టు డబ్బా.